చామంతి మళ్ళ మీది నక్షత్రగుచ్ఛం

నా సర్వీసులో చివరి కార్తీకమాసంలో, రాజమండ్రిలోని ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ శాఖాధిపతిగా ఉండగా, ప్రిన్సిపాల్ గారు నాకొక పని అప్పగించారు. ఆకాశంలో ఉత్తరాన కనిపించే శర్మిష్ఠ నక్షత్రమండలంలో ఒక మసక నక్షత్రగుచ్ఛం ఉంది. ల్యాబ్ గోడకు దాని ఫొటో కావాలి. నెట్‌లోది కుదరదట, మనం తీసిందే ఉండాలట. టెలిస్కోపు కాలేజీది, పెరడు నాది, పోయే నిద్ర కూడా నాదే.

మా ఇల్లు ఊరి చివర, కడియం వెళ్ళే దారిలో. ఉత్తరం గోడ అవతల వెంకటలక్ష్మి గారి నర్సరీ. రాత్రి చీకటి ఎక్కువసేపు ఉంటే చామంతి ఎదగకుండానే మొగ్గ తొడిగేస్తుంది. అందుకని చలికాలమంతా మళ్ళ మీద బల్బులు కట్టి రాత్రిళ్ళు వెలిగిస్తారు. శర్మిష్ఠ సరిగ్గా ఆ వెలుగు మీదే ఉండేది. మసక గుచ్ఛానికి కెమెరా షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచాలి. తెరిస్తే ఆకాశమంతా తెల్లగా పాలిపోయేది. పోనీ అని కొద్దికొద్దిసేపు తెరిచి, బోలెడు ఫొటోలు తీసి, కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పేర్చాను. మేం దాన్ని స్ట్యాకింగ్ అంటాం. ఖర్మ, ఎంత పేర్చినా ఆ వెలుగే పేరుకునేది. నడుం పడిపోయింది, విసుగొచ్చేసింది.

ఒక్క రాత్రి లైట్లు ఆపగలరా అని వెంకటలక్ష్మి గారిని అడిగాను.

"ఒక్క రాత్రికి ఏం కాదు గానీ మాస్టారూ, మీకు ఒక్క రాత్రితో అయిపోయే పనేనా అండీ?" అని నవ్వారు.

అవదు, చాలా రాత్రుల ఫొటోలు పేర్చాలి.

తర్వాత తుఫాను వచ్చింది. స్తంభాలు పడిపోయి, వాన వెలిసినా చాలా రోజులు కరెంటు రాలేదు. ఆకాశం కాటుకలా ఉంది. చెప్పకూడదు గానీ, నాకు ప్రాణం లేచొచ్చింది. నక్షత్రాల వెంట టెలిస్కోపును తిప్పే మోటారు బ్యాటరీ మీద నడుస్తుంది, కాబట్టి నా పని ఆగలేదు. గుచ్ఛం దొరికింది, పళ్ళెంలో రవ్వ చల్లినట్టు. గోడ అవతల ఆవిడ ఫోన్లో జనరేటర్ కోసం బతిమాలుకోవడం వినిపిస్తూనే ఉండేది. "రాత్రిళ్ళకైనా ఒకటి పంపండి బాబూ, మొక్కలు పోతాయండీ!" ఎక్కడా దొరకలేదు. జానెడు మొక్కలే మొగ్గ తొడిగేశాయి. కొనే వాళ్ళు చూసి వద్దన్నారు. ఆ మళ్ళన్నీ పీకించేశారు.

ల్యాబ్ గోడకు పెట్టే ముందు ఫొటో ఆవిడకు చూపించాను. ఎప్పుడు తీశారని అడిగారు. చెప్పాను. కాసేపు చూసి, "అవునండి, ఆ రాత్రిళ్ళు బాగా చీకటిగానే ఉన్నాయి" అని ఫొటో నా చేతికిచ్చేసి లోపలికి వెళ్ళిపోయారు.

ఫొటో కింద ఆకాశం ఎలా ఉందో రాయడం మా పద్ధతి. 'అనుకూలం' అని అప్పటికే రాసి ఉంది. ఆ మాట కెమెరా వరకే వర్తిస్తుందని ఇన్నేళ్ళ సర్వీసు చివర నాకు తెలిసింది.