ఇదొక్కటే మిగిలింది

ఆ వీడియో గేముల షాపులో సేల్స్‌మన్ రోజూ పొద్దున్నే అద్దాల బీరువాలో కొత్త కన్సోల్ డబ్బా ఒక్కటే పెడతాడు. లేని దుమ్ముని ఉఫ్‌మని ఊది, చొక్కా అంచుతో తుడుస్తాడు. ఎవరడిగినా గొంతు తగ్గించి, "ఇదొక్కటే మిగిలిందండీ" అంటాడు. పాత మోడల్ రోజుల్లో ఆ మాట నిజం. షట్టర్ ఎత్తకముందే జనం బారులు తీరేవాళ్లు. సొంత బావమరిదికే ఒకటి ఇప్పించలేకపోయాడు. ఈ కొత్తది అందులో సగం కూడా అమ్ముడుపోవడం లేదు. వెనక గదిలో పద్దెనిమిది పడున్నాయి. మాట మాత్రం నోటికి అతుక్కుపోయింది.

మొన్న ఒక పెద్దావిడ మనవరాలి కోసం కొనడానికి వచ్చింది. "మీ అదృష్టం బావుందమ్మా, ఇదొక్కటే మిగిలింది" అన్నాడు. ఆవిడ తెరిచిన పర్సు మూసేసి, వెనకాల కూతురితో నిలబడ్డ ఒకాయన్ని చూపించింది. "అయితే వాళ్లకిచ్చెయ్యి నాయనా. పాపం, పిల్ల ఎదురుగా ఉంది. మాది ఓ నెల ఆగుతుందిలే." ఆ తండ్రి రెండు చేతులూ జోడించాడు. సేల్స్‌మన్ బీరువాలోని ఆ ఒక్క డబ్బానే తీసి ఆయనకి బిల్లు రాశాడు.

"సరుకు రాగానే ఫోన్ చెయ్యి" అంటూ ఆవిడ నంబరు చెప్పింది. అతను వెనక గది తలుపుకి అడ్డంగా నిలబడి, తలెత్తకుండా, ఒక్కో అంకెనీ మళ్లీ అడిగి మరీ రాసుకున్నాడు.