నమూనా చుక్క

ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది ఒకే ఒక్క అబద్ధం. పెద్దది కూడా కాదు. రెండు ముక్కల మాట. అది అన్నప్పుడు నాకు మీసాలు సరిగా రాలేదు, ఇప్పుడు చేతికర్ర లేనిదే మిద్దె మెట్లు ఎక్కలేను. నా భార్య పోయింది, ఆమెకు చెప్పలేదు. పిల్లలకు చెప్పే ధైర్యం లేదు, వాళ్ల దృష్టిలో నేను మర్యాదస్తుణ్ణి. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీ ముందు నోరు పెగులుతోంది. మధ్యలో సాకులు వెతుక్కుంటే పట్టుకోండి. నాకు ఆ అలవాటుంది.

మాది ఆదోని. నాన్నకు పత్తి అంగడి ఉండేది. బండ్ల మీద వచ్చిన సరుకులోంచి గుప్పెడు దూది తీసి, పెట్టెలో దాచిన నమూనా దూది పక్కన పెట్టి, నీడపట్టున చూసి రకం తేల్చడం మా పని. తెలుపులో తెలుపు తేడా పట్టాలి. చిన్నతనంలోనే నాకు ఆ కన్ను వచ్చింది. "మావోని కన్ను తప్పు పోదు" అని నాన్న వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. నాకు చదువులో గొప్ప లేదు, అందం లేదు, పాట రాదు. ఉన్నదల్లా ఆ కన్ను. అది నాకొక్కడికే ఉండాలి, ఉందని ఊరంతా అనుకోవాలి. నా ఆశ అంతే.

ఈరన్న ఎమ్మిగనూరులో మగ్గాలవాళ్ల బిడ్డ. హైస్కూలు చదువుకని ఆదోనిలో మేనమామ ఇంటికి వచ్చాడు. నేనూ వాడూ ఒకే బెంచీ. చదువయ్యాక మామ బట్టల అంగట్లోనే పనికి కుదిరాడు. గట్టిగా నవ్వేవాడు, గట్టిగా మాట్లాడేవాడు, తన గొప్పలు తానే చెప్పుకునేవాడు. అయినా వాడంటే ఎవరికీ కోపం వచ్చేది కాదు. నాకు వచ్చేది. నన్ను "సావుకారీ" అని పిలిచేవాడు. ప్రేమగానే పిలిచేవాడు, నేనే అందులో వెటకారం వెతుక్కునేవాణ్ణి. వాడికి నేను ప్రాణ స్నేహితుణ్ణి. నాకు వాడు ఏమిటి? స్నేహితుడే. కాదనలేను. స్నేహితుడి మీదే అంత కుళ్లు ఎట్లా పుడుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మాకు సైన్సు చెప్పిన అయ్యవారి దగ్గర మద్రాసు నుంచి తెప్పించుకున్న దుర్భిణి ఒకటి ఉండేది. దాన్ని మిద్దె మీద పెట్టి మాకు సెరిస్‌ను చూపించారు. అంగారకుడికీ గురుడికీ నడుమ తిరిగే బుల్లి గ్రహం అది. ఈ మధ్య మరుగుజ్జు గ్రహం అంటున్నారు. దుర్భిణిలో చూసినా అదొక చుక్కే. ఆ గ్రహం తన చుట్టూ తాను తిరుగుతుంది కదా, దాని నేలంతా ఒకే తీరుగా ఉంటే వెలుతురు మారదు, ఒక పక్క తెల్లగా ఒక పక్క మాసినట్టు ఉంటే తిరిగేకొద్దీ వెలుతురు హెచ్చుతగ్గులవుతుంది, ఆ తేడా ఉందో లేదో పట్టాలి అన్నది అయ్యవారి ఆలోచన. ఆయన కళ్లకు అప్పటికే శుక్లాలు వస్తున్నాయి. మా కళ్లు కావలసి వచ్చాయి.

పక్కనున్న నక్షత్రాలు రెండు ఎంచుకుని, వాటితో గ్రహాన్ని పోల్చి చూడమన్నారు. ఒక్కటి చాలు అన్నాను నేను. మా అంగట్లో రకానికి ఒక్క నమూనానే పెడతాం, రెండు పెడితే కన్ను చెదురుతుంది అని పెద్ద తెలిసినవాడిలా చెప్పాను. గ్రహానికి దగ్గరలో, దాదాపు దానంతే వెలుగుతున్న చుక్కను చూపించాను. అయ్యవారు మెచ్చుకున్నారు. ఈరన్న వీపు తట్టాడు. కొన్ని వారాలపాటు గ్రహం ఆ చుక్క చుట్టుపక్కలే మెల్లగా నడిచింది.

దీపాలు పెట్టే వేళకు మిద్దె ఎక్కేవాళ్లం. తేడాను ముందు పట్టింది ఈరన్నే. కొన్ని సాయంత్రాలు గ్రహమూ చుక్కా సమానం. కొన్ని సాయంత్రాలు గ్రహానిది ఒక పిసరు ఎక్కువ. "దాని మొగాన తెల్ల మచ్చ ఉండాది సావుకారీ, అది మన దిక్కు తిరిగినప్పుడు మెరుస్తాంది" అని మిద్దె అదిరేట్టు అరిచేవాడు. అయ్యవారి ముఖం వెలిగిపోయేది. ఆ వెలుగు నా కన్ను వల్ల రాలేదు. అది నాకు మింగుడుపడలేదు.

ఆ రోజుల్లోనే వాడు మా అంగడికి వచ్చాడు. నాన్న చేతుల్లో రెండు గుప్పెళ్ల దూది ఉంది. రెండూ ఒకటే రకమని నేను అంతకుముందే తేల్చేశాను. వాడు తొంగి చూసి, కుడిచేతిదాంట్లో పాత దూది కలిసిందన్నాడు. నాన్న విప్పి చూస్తే నిజమే. "అబ్బా, వీని కన్ను సూడు! నీకంటే వీడే నయం" అన్నాడు నాన్న, రైతుల ముందర, దళారుల ముందర. నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను. ఆ పూట మాత్రం అన్నం సయించలేదు.

అయ్యవారితో చదువుకున్నాయన ఒకరు దక్షిణాన కొండమీది వేధశాలలో పెద్ద ఉద్యోగంలో ఉన్నారు. మంచి కన్నున్న కుర్రవాణ్ణి సహాయకుడిగా పంపమని అడిగారట. ఈరన్నను పంపుతానన్నారు అయ్యవారు. ఒక్క షరతు. ఈరన్న చూసిన తేడాను ఇంకొకరు విడిగా చూసి అవునని చెప్పాలి. ఒక కన్ను చెప్పింది శాస్త్రం కాదు, రెండు కళ్లు చెప్పాలి అనేవారు. ఆ రెండో కన్ను నాది. ఈరన్న అప్పుడే వెళ్లిపోతున్నట్టు సంతలో పాత ఉన్నికోటు కొన్నాడు. కొండ మీద చలి కదా. ఆదోని ఎండలో ఆ కోటు తొడుక్కుని బజారంతా తిరిగాడు. ఎమ్మిగనూరులో వాళ్లమ్మకు కూడా చెప్పేశాడు.

అన్న పెళ్లికని వాడు ఊరికి పోయినప్పుడు నేనొక్కణ్ణే చూశాను. మీకు నిజం చెప్తున్నాను. తేడా ఉంది. వాడు చెప్పినట్టే ఉంది. ఒక సాయంత్రం సమానం, తర్వాత కొన్నాళ్లకు గ్రహానిది ఒక పిసరు ఎక్కువ, మళ్లీ సమానం. దూది చూసి పండిన కన్ను నాది, పొరపాటు పడలేదు.

వాడు తిరిగొచ్చిన సాయంత్రమే అయ్యవారు మా ఇద్దరినీ కూర్చోబెట్టారు. కోటు వాడి ఒళ్లో ఉంది.

"ఏమప్పా, నువ్వొక్కడివే చూస్తివి కదా. తేడా కనపడెనా?"

"లేదు సార్. రోజూ ఒకటే తీరు."

ఏమీ ఆలోచించలేదు, నోటికి అదే వచ్చింది. చూశారా, ఇదీ సాకే! ఆలోచించాను. ఎమ్మిగనూరు నుంచి వాడి బస్సు వచ్చేదాకా అదే ఆలోచించాను. ఆ ఉద్యోగం నాకు అక్కర్లేదు. నాన్న పంపడు, నేను పోను. వాడు పోకూడదు, అంతే. కన్ను అంటే వాడిదే అని ఎవరూ అనకూడదు. నేను కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను.

వాడు నాతో పోట్లాడతాడనుకున్నాను. అబద్ధాలకోరా అంటాడనుకున్నాను. నా ముఖంలోకి ఒకసారి చూశాడు. తర్వాత అయ్యవారి వైపు తిరిగాడు.

"సావుకారి సెప్పినాడంటే అంతే అయ్యవారూ. ఆయప్ప కన్ను తప్పు పోదు. నా కన్నే నన్ను మోసం సేసిండాది."

నన్ను నమ్మాడు. తన కన్నును కాదని నన్ను నమ్మాడు. వాడు తిట్టి ఉంటే ఆ క్షణమే ఒప్పుకునేవాణ్ణని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఒప్పుకునేవాణ్ణా? ఏమో, నమ్మకం లేదు.

కోటు మళ్లీ సంతలో అమ్మేశాడు. మామ అంగడి మానేసి ఎమ్మిగనూరుకు, మగ్గాల మీదికి వెళ్లిపోయాడు.

ఇక్కడితో అయిపోతే ఇదొక పిల్లతనం అని మీరు వదిలేసేవారేమో. అయిపోలేదు. గ్రహం జరిగి దూరంగా పోయాక, ఒక సాయంత్రం నేను ఊరికే దుర్భిణి తిప్పి ఆ నమూనా చుక్కను చూశాను. పక్కనున్న ఇంకో నక్షత్రంతో పోల్చాను. మళ్లీ కొన్నాళ్లు చూశాను. ఆ చుక్కే మారుతోంది! గ్రహం కాదు, నేను ఎంచిన చుక్కే తగ్గుతోంది, పెరుగుతోంది. అది తగ్గినప్పుడల్లా మాకు గ్రహం ఎక్కువగా కనపడింది. పెట్టెలోని నమూనా దూది పాతబడితే పచ్చబడుతుందని, అందుకే ఏటా మార్చాలని నాన్న నాకు పలకా బలపం నాటి నుంచీ చెప్తూనే ఉన్నాడు. సరుకును శంకించేవాడు ముందు నమూనాను శంకించాలి. రెండు చుక్కలు పెట్టుకోమని అయ్యవారు అన్నది అందుకే. ఆ మాట కాదన్నది నేను. తప్పు నా చుక్కది. ఈరన్న కన్ను పట్టిన తేడా నూటికి నూరుపాళ్లు నిజం.

అప్పుడైనా చెప్పొచ్చు కదా? అయ్యవారు ఉన్నారు. కొండమీది ఉద్యోగం ఇంకా ఖాళీగానే ఉంది. చెప్తే ఏమయ్యేది? మారే చుక్కను పట్టినవాడు ఈరన్న అని అయ్యవారు ఊరంతా చాటేవారు. నేనేమో చుక్కను ఎంచడం చేతకానివాణ్ణి, పైగా అబద్ధాలకోరును. దుర్భిణికి గుడ్డ కప్పి కిందికి దిగాను. తర్వాత అయ్యవారికి బదిలీ అయింది. దుర్భిణి ఆయనతో పోయింది. నేను అంగట్లో కూర్చున్నాను.

వాణ్ణి మళ్లీ చూసింది చాలా ఏళ్లకు, వ్యాపారం పనిమీద ఎమ్మిగనూరు పోయినప్పుడు. జుట్టు నెరిసింది, గొంతు మాత్రం తగ్గలేదు. వీధి చివర నుంచే "సావుకారీ!" అని కేక వేశాడు. ఇంట్లోకి లాక్కెళ్లాడు. వాకిట్లో రంగు వేసిన నూలు ఆరేసి ఉంది. వాడి భార్య మజ్జిగ ఇస్తూ నవ్వుతూనే చెప్పింది. "ఈయప్పతో పెద్ద తంటా అన్నా. పెండ్లయిన కాణ్ణుంచీ ఇంతే. పక్కింటోళ్లనైనా పిల్సి అడగల్ల, అడగనిదే రంగు తేల్సడు. తన కన్ను మంచిది కాదంట."

ఈరన్న రెండు నూలు కట్టలు, చిలపలంటారు వాటిని, తెచ్చి నా ముందు పెట్టాడు. రెండూ ఎరుపే. "మంచి టయానికి వస్తివి. సూడప్పా, ఈ రెండూ ఒకటేనా?"

చూశాను. ఒకటి కాదు.

"వేరే వేరే" అన్నాను.

"నాకూ అట్లే కనపడె. నువ్వు సెప్పినావు, ఇంక దిగుల్లేదు" అన్నాడు సంతోషంగా. ఒక చిలపను తీసి పక్కన పెట్టేశాడు.

నూలు గురించి నిజం చెప్పాను. ఆ పక్కనే ఇంకొక్క మాట, ఒక్కటే మాట, చెప్పలేకపోయాను. ఆ నూలు చూస్తున్నంతసేపూ వాడి చెయ్యి నా భుజం మీదే ఉంది. అప్పుడు కూడా, ఆ వయసులో కూడా, నన్ను అడుగుతున్నాడని నాలో ఎక్కడో ఒక మూల సంబరపడింది. ఛీ, ఏం మనిషిని నేను! మజ్జిగ తాగేసి బస్సెక్కాను.

ఈరన్న పోయాడు. కబురు ఆలస్యంగా తెలిసింది. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, మీకు ఆ హక్కు లేదు, నాకు ఆ అర్హత లేదు. ఎవరో ఒకరికి చెప్పాలి, చెప్తున్నాను, గుండె కొంచెం తేలికైన మాట నిజం. అంతకంటే ఏమీ మారలేదని కూడా తెలుసు. తన కన్ను మంచిది కాదనుకుంటూనే ఆ మనిషి చచ్చిపోయాడు.