ఖాడీ ఒడ్డున బాపు

దీపావళి దాటాక కచ్ వైపు నుంచి ఫ్లెమింగోలు మా పక్కనున్న ఠాణే ఖాడీకి, ఆ సముద్రపు పాయకి, వస్తాయి, వానలకు ముందు వెళ్లిపోతాయి. సముద్రపు నీరు వెనక్కి తగ్గి బురద తేలే వేళ చూసుకుని, ప్రతి చలికాలం వాటికోసం వెళ్తాను. ఒక్కడినే వెళ్తాను. తోడు వచ్చేవాళ్లు నోరు మూసుకోరు, అదే నా చిరాకు.

మొన్న జనవరిలో బాపు, మా నాన్న, తానూ వస్తానన్నాడు. నార్పోలిలో సాంచలు, అంటే మరమగ్గాలు, నడుపుతూ ముసలివాడైన మనిషి. ఆ మోతకు చెవులు సగం పోయాయి. ఇంట్లో మంచినీళ్లు అడిగినా అరిచే అడుగుతాడు.

"అక్కడ ఒర్రద్దు బాపు, పిట్టలు లేచిపోతయి," అని ఆటోలోనే కసిరాను.

"గట్లనే తియ్," అన్నాడు, ఆటోవాడు వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా.

ఒడ్డుకు చేరేసరికి బురదంతా గులాబీ రంగు. వేల పక్షులు, వరసలు వరసలుగా. అరగంట సేపు బైనాక్యులర్స్‌లోంచి కళ్లు తీయలేదు. అంతలో బాపు నా భుజం తట్టి, రెండు వేళ్లు విడదీసి చూపించాడు. సాంచల మోతలో మాట వినపడదు కనుక పనివాళ్లు సైగతోనే చెప్పుకుంటారు: అక్కడ పోగు తెగింది, చూడు. ఆయన చూపిన వైపు, ఆ గులాబీ వరస మధ్యలో, ఒకే ఒక్క తెల్లటి తెడ్డుమూతి కొంగ నిలబడి ఉంది. బైనాక్యులర్స్ ఉన్న నాకు దొరకనిది.

డేగ ఏదో వచ్చిందేమో, ఒక్కసారిగా గుంపంతా లేచింది. రెక్కల కింది ఎరుపూ నలుపూ ఆకాశమంతా పరుచుకున్నాయి. బాపు కదలకుండా చూస్తూనే చెయ్యి చాపి నా నోటికి అడ్డం పెట్టాడు.

అప్పటిదాకా నేను అరుస్తున్నానని నాకు తెలియలేదు.