ముప్పై విస్తళ్ల చింతపండు

“నా చేతులేమన్నా పడిపోయినాయా అత్తా? చింతపండు కొట్టేదీ పక్కింటి ఆయమ్మ కన్నా నేనే బెరీన, ఆకులు కుట్టేదీ నేనే తొందరగా. మన పని ఆయమ్మ చేతికి ఎందుకియ్యాల?” అని మా అమ్మ.

“పడిపోలేదు, సరే. ఉండేది రెండే గదే! ఎల్లుండి పెండ్లోళ్ల బండి వస్తాది. నువ్వు చింతపండు ముందర కూర్చుంటే విస్తళ్లు ఎవురు కుడతారు, మీ నాయనా?” అని మా అవ్వ.

నా చిన్నప్పటి తగాదా ఇది. యుద్ధంతో రంగూను బియ్యం రాక, మా పక్క పల్లెల్లో రాగులే బంగారమైన కాలం. విస్తళ్లు కుట్టి ఇస్తే, ఎన్నిస్తే దానికి తగినన్ని రాగులు కొలుస్తామని ఐరాల పెండ్లివారు అన్నారు. అవి రాకుంటే మా ఇంట్లో సంగటి లేదు. చూస్తే మబ్బు పట్టింది. చింతపండు గింజ తీసి కుండకెత్తకపోతే చెడిపోతుంది.

పక్కింటి అక్క కూడా ఆ పెండ్లికే కుడుతోంది. పాపం ఆమె వేళ్లు సరిగా వంగవు, ఆకుకు పుల్ల గుచ్చడమే గండం. నేను అమ్మ కూతుర్నే గదా, ఆ వేళ్లను చూసి నవ్వేదాన్ని.

 అవ్వ అరుగు మీద చింతగింజలు పోసింది, విస్తరికి ఒక గింజ లెక్కన. తట్ట చింతపండు కొట్టే పొద్దులో అమ్మ ముప్పై విస్తళ్లు కుడుతుంది. ముప్పై గింజలు పక్కకు తోసింది. అక్కకు తట్ట కొట్టేసరికి ఎక్కువ పొద్దే పడుతుంది, నిజమే. కానీ అంత పొద్దులోనూ ఆమె కుట్టగలిగేది పదే. పది గింజలు తోసింది.

“నువ్వు తట్ట కొడితే ముప్పై పోతాయి. ఆమె కొడితే పదే పోతాయి. ఆమె మనకు తట్ట కొట్టనీ, నువ్వు ఆమెకు ఇరవై కుట్టియ్యి. ఆమెకూ పది మిగులు, నీకూ పది మిగులు.”

అమ్మ ఆ గింజల్ని తానే మళ్లీ లెక్కపెట్టుకుంది. నమ్మబుద్ధి కాలేదు.

నేను చదువులో మూడో తరగతి దాటలేదు. పొదుపులో మాత్రం నన్ను మించినోళ్లు మా వీధిలో లేరు. ఇప్పటికీ ఏ పనికి కూర్చున్నా, దీనికోసం ఏ పని వదులుకుంటున్నానని నన్ను నేను అడక్కుండా కూర్చోను. ఓడల మీద సరుకులు మార్చుకునే దేశాలకూ ఇదే లెక్కని మనవడు పాఠం చదివితే, “మా అవ్వకు తెలుసులేరా” అన్నాను. నిదానమైన మనిషిని పనికిరానిదని అననూ అనను.

మర్నాడు పొద్దున్నే అమ్మ చింతపండు తట్ట నెత్తికెత్తుకుని పక్కింటికి పోయింది. అక్కడ కుమ్మరించి, అదే తట్టలో అక్క వాళ్ల ఆకులూ పుల్లలూ వేసుకొచ్చి, కుట్టేదానికి కూర్చుంది.