వెనుక బరువు, ముందు చక్రం

1945 ఏప్రిల్ 18, బుధవారం. అప్పటి మా సర్కారు లెక్కలో ఫసలీ 1354, ఖుర్దాద్ నెల. స్థలం: అచ్చంపేటలో నా సైకిల్, మోటారు మరమ్మతు దుకాణం. హాజరు: మిషన్ దవాఖాన కంపౌండరు దానియేలు, ఆయన భార్య నర్సు రూతమ్మ, పక్క కొట్టంలో ఎడ్లబండ్ల చక్రాలు చేసే వీరాచారి, నేను.

పని మొదలుపెట్టే ముందు తేదీ, స్థలం, ఎదుట ఉన్న మనుషుల పేర్లు రాసుకోవడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. దుకాణం మూసి చాలా ఏళ్లయినా ఆ అలవాటు పోలేదు. ఇన్నేళ్ల పనిలో మరచిపోలేని మరమ్మతు ఏదని అడిగేవారు పెద్ద ఇంజన్ల గురించి చెబుతానని ఎదురుచూస్తారు. నాకు గుర్తుకు వచ్చేది మాత్రం రెండు పాత టైర్లు.

అవి యుద్ధం రోజులు. రబ్బరు వచ్చే దేశాలు శత్రువుల చేతికి పోయాయి. కొత్త టైరు కావాలంటే పర్మిట్ ఉండాలి. పర్మిట్ దొరికినా సైజు దొరకదు. దానియేలు నడిపే మోటారు సైకిలు ఇంగ్లండులో తయారైనది, అప్పటికే ఇరవై ఏళ్ల పాతది. దవాఖానలో పనిచేసిన దొర తన దేశానికి వెళ్లిపోతూ దాన్ని దవాఖానకు వదిలేశాడు. ఇంజను గట్టిది. టైర్లు మాత్రం అరిగి అరిగి లోపలి గుడ్డ బయటపడింది. ఆ గుడ్డనే మేము క్యాన్వాస్ అంటాం. టైరుకు బలం దానిదే, పైన కనిపించే రబ్బరుది కాదు.

ఆ రోజు పొద్దున భార్యాభర్తలిద్దరూ బండిని తోసుకుంటూ వచ్చారు. రూతమ్మ కుడి మణికట్టుకు కట్టు ఉంది. అంతకు ముందు నెలలో కొండ మీది ఘాటు దారి దిగుతుండగా వెనుక టైరు పేలి, వెనుక కూర్చున్న ఆమె కింద పడింది. దెబ్బ పెద్దది కాదు. ఆమె దాని గురించి మాట్లాడలేదు. దానియేలు చూపు మాత్రం ఆ కట్టు మీదికి పోయి వస్తూనే ఉంది.

వచ్చిన పని తొందరది. ఘాటుకు పైన అమ్రాబాద్‌లో ఒక నిండు చూలాలు ఉంది. కడుపులో బిడ్డ అడ్డం తిరిగి ఉన్నదని రూతమ్మ పోయిన వారమే చెయ్యి పెట్టి చూసి చెప్పింది. నొప్పులు మొదలయ్యే లోపు తాను అక్కడ ఉండాలి. ఆ సాయంత్రానికల్లా వస్తానని మాట ఇచ్చింది. ఎడ్లబండి మీద పోతే మరునాటికి గాని చేరరు. అడవి కంట్రాక్టరు వెదురు లారీ ముందు రోజే పైకి పోయింది, అది లోడుతో దిగి రావలసిందే. కాబట్టి మోటారు సైకిలు మధ్యాహ్నానికి నడవాలి.

దానియేలు వెనుక సీటుకు కట్టిన టైరు విప్పి నా ముందు పెట్టాడు. హైదరాబాదులో పాత సామాన్ల అంగడిలో కొన్నాడు. మందంగా, నల్లగా, నేలను పట్టే గాట్లు అరగకుండా ఉంది. చౌకగా దొరికిందని ఆయన ముఖంలోనే తెలుస్తోంది.

"గిది వెనుకకు ఎక్కియ్యి మేస్త్రీ. ముందరిదానికి నీ దగ్గర ఉన్నదేదో సూడు" అన్నాడు.

నేను టైరు అంచును వేళ్లతో తడిమాను. లోపల ఇనుప తీగ తగిలింది. తీగ ఉన్న అంచు కొత్త తరహా రిమ్ములకు పనికివస్తుంది. ఈ బండి రిమ్ము పాత తరహాది. దాని అంచులు లోపలికి కొక్కెంలాగా వంగి ఉంటాయి. దానికి కావలసింది బీడెడ్ ఎడ్జ్ టైరు, అంటే అంచు మెత్తగా, లావుగా ఉండి ఆ కొక్కెంలో ఇరుక్కునేది. దాన్ని పట్టి ఉంచేది తీగ కాదు, లోపలి గాలి. గాలి నిండుగా ఉన్నంతసేపు అది రిమ్మును వదలదు. గాలి తగ్గితే వదులుతుంది. ఆ రోజుల్లో రెండు రకాల టైర్ల మీదా ఒకే సైజు అంకె వేసేవారు. అంకె చూసి కొనేవాళ్లు ఇక్కడే మోసపోయేవారు.

సంగతి చెప్పాను. వీరాచారి తన కొట్టం లోంచి వచ్చి టైరును కాలితో దొర్లించి చూసి, ఇంత గట్టి సామాను పనికి రాదంటే ఎట్లా అన్నాడు. అంచులు చెక్కి బిగిస్తే పట్టదా అని అడిగాడు. ఆయన కర్ర చక్రానికి ఇనుప పట్టా ఎర్రగా కాల్చి ఎక్కిస్తాడు, చల్లారాక అది బిగుసుకుంటుంది. రబ్బరు అట్లా బిగుసుకోదని చెప్పాను. అంచు చెక్కితే తీగ తెగుతుంది, తీగ తెగితే టైరు నిలవదు. ఆ టైరును పక్కన పెట్టించాను. దాన్ని తిరిగి అమ్ముకోవచ్చు, యుద్ధం రోజుల్లో దేనికైనా కొనేవాళ్లుంటారు.

నా దగ్గర ఆ పాత తరహావి రెండే ఉన్నాయి. వనపర్తి వైపు మూలకు పడ్డ ఒక బండి నుంచి విప్పినవి. ఒకటి సగం అరిగింది గాని క్యాన్వాస్ ఎక్కడా తెగలేదు. రెండోదానికి గాట్లు ఇంకా బాగానే ఉన్నాయి, కానీ పక్కన బెత్తెడు కోత ఉంది. దానికి లోపలి వైపు అతుకు వేయాలి. ఆ రోజుల్లో మేము అతుకుకు మోట తోలు వాడేవాళ్లం. బావుల నుంచి నీళ్లు తోడే తోలు సంచి పాతబడితే దాని ముక్కలు మెత్తగా, తడికి చెడిపోకుండా ఉంటాయి. చుట్టూ అంచు పలచగా గీకి, లోపల అంటిస్తే ట్యూబును ఒరుసుకోదు. రెండూ కలిపి అడిగిన వెల వారికి అందుబాటులోనే ఉంది, ఆ విషయంలో మాట పెరగలేదు.

మాట పెరిగింది ఏది ముందు, ఏది వెనుక అన్నదాని మీద.

తెగనిది ముందు వేస్తానన్నాను. దానియేలు ఒప్పుకోలేదు. మంచి టైరు వెనుకకే పోవాలన్నాడు. వీరాచారి వెంటనే ఆయన పక్షాన చేరాడు. వాళ్ల మాటలోనూ న్యాయం ఉంది. దానియేలు తండ్రి ఒక పటేలు దగ్గర జీతగాడుగా ఉండి బండి తోలేవాడు. కొడుకు చదువుకుని కంపౌండరు అయ్యేదాకా ఎడ్లబండి మీదే పెరిగాడు. ఎడ్లబండి తోలేవారు మొదట చూసేది బరువు. బరువు ఇరుసు మీద ఎక్కడ పడుతోంది, కాడి మీద ఎంత పడుతోంది అని. బరువున్న చోట చక్రం గట్టిగా ఉండాలి. మోటారు సైకిలు మీద బరువంతా వెనుకే ఉంటుంది: ఆయన, ఆమె, మందుల పెట్టె.

"బరువు మోసేటిది వెనుకది. ముందరిది ఉత్తగ ఉరుకుతది" అన్నాడు వీరాచారి.

"గంతే గదా చారీ" అన్నాడు దానియేలు. "ముందల ఏమున్నది, నా రెండు చేతులు దప్ప."

నేను చెప్పగలిగినంత చెప్పాను. ఎడ్లబండికి రెండు చక్రాలు పక్కపక్కన ఉంటాయి, బండిని తిప్పేది చక్రం కాదు, ఎద్దు. మోటారు సైకిలుకు ఎద్దు లేదు. దాన్ని తిప్పేది ముందు చక్రమే. వెనుక రిమ్ముకు సెక్యూరిటీ బోల్టులు ఉన్నాయి, అంటే టైరు అంచును లోపలి నుంచి అదిమిపట్టే రెక్క బోల్టులు. ముందు రిమ్ముకు అవి లేవు. ఇదంతా ఆయన విన్నాడు. విని, మళ్లీ రూతమ్మ కట్టు వైపు చూశాడు.

మాటలతో కాదని తెలిసింది. బండికి ఉన్న అతుకుల పాత టైర్లతోనే చూపిద్దామనుకున్నాను. మొదట వెనుక చక్రంలో గాలి పూర్తిగా తీసేసి దానియేలును ఎక్కి కూర్చోమన్నాను. నేనూ వీరాచారీ తోశాం. బండి బాతులాగా ఊగుతూ దుకాణం ముందున్న జాగా దాటి తిన్నగా పోయి ఆగింది. తరువాత వెనుక గాలి కొట్టి, ముందు చక్రంలో గాలి తీసేశాను. మళ్లీ తోశాం. తిన్నగా పోయినంతసేపు ఏమీ కాలేదు. ఘాటు మలుపు అనుకొని హ్యాండిలు కొంచెం తిప్పమన్నాను. ఆయన తిప్పాడు. టైరు అంచు రిమ్ము కొక్కెం లోంచి జారి బయటికి వచ్చింది, హ్యాండిలు ఆయన చేతుల్లోంచి ఊడిపోయినట్టు తిరిగింది, బండి పక్కకు ఒరిగింది. మేమిద్దరం పట్టుకోబట్టి ఆయన పడలేదు. మనిషి నడిచినంత వేగంలో జరిగిందది.

వీరాచారి వంగి, బయటికొచ్చిన టైరు అంచును వేలితో నెట్టి చూశాడు. "ఇంతేనా దీన్ని పట్టి ఉంచేది?" అని అడిగాడు. గాలి ఒక్కటే అన్నాను. ఆయన తల ఊపి, తోలు గీకడానికి తన బాడిస తెచ్చి ఇచ్చాడు.

దానియేలు మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. అప్పుడు బయటపెట్టాడు అసలు సంగతి.

"మేస్త్రీ, నువ్వు జెప్పింది సమజైంది. కానీ పోయిన నెల వెనుకదే పేలింది. పడ్డది నేను గాదు, ఆమె."

అప్పటిదాకా గోడ నీడలో మందుల పెట్టె మీద కూర్చున్న రూతమ్మ లేచి వచ్చింది.

"ఇంతసేపటి సంది బరువు బరువు అంటున్రు. నేనేమన్న వడ్ల బస్తానా? బరువు నేనే అయితే నన్ను అడుగుర్రి" అంది.

వీరాచారి నవ్వాపుకున్నాడు. దానియేలు అట్లా అనలేదని గొణిగాడు.

"వెనుకది పోయింది, నేను పడ్డ. దుమ్ము దులుపుకొని లేసిన. నువ్వు బండి ఆపి ఉరికొచ్చి నన్ను లేపినవు. ముందరిది పోతే నువ్వు పడుతవు, నేను నీ మీద పడుత, ఇద్దరం కలిసి లోయల పడుతం. గప్పుడు ఎవ్వలను ఎవ్వలు లేపాలె?" అంది. మళ్లీ మెల్లగా, "పైన గామె ఎదురుసూస్తాంది. మంచిది ముందరికి ఎయ్యనియ్యి" అంది.

దానియేలు వంగి, తెగని టైరును తానే ఎత్తి ముందు చక్రం పక్కన పెట్టాడు.

పని మూడు గంటలు దాటేవరకు సాగింది. మోట తోలు అతుకు రెండు పొరలుగా వేశాను. గాలి కొట్టాక రిమ్ము చుట్టూ వేలితో తడిమి, అంచు అన్ని వైపులా కొక్కెంలో కూర్చున్నదని చూసుకున్నాను. బయలుదేరే ముందు దానియేలుకు రెండు మాటలు చెప్పాను. ఘాటు మొదట్లో ఒకసారి ఆగి ముందు చక్రం గాలి చూసుకోవాలి. వెనుకది మెత్తబడినట్టు తోస్తే బ్రేకు గట్టిగా పట్టకుండా, వేగం దానంతట అదే తగ్గనివ్వాలి. మంగళవారం అంగడి అయిపోయి ఎడ్లబండ్లు తిరిగి పోయిన దారి అది. ఎద్దుల కాలి నాడాల మేకులు రాలి ఉంటాయని కూడా చెప్పాను. రూతమ్మ పెట్టెను ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. ఇద్దరూ ఘాటు వైపు సాగిపోయారు.

ఆ పని నాకు నేర్పింది ఇది: టైరు ఎంచేటప్పుడు ఎంత మందం, ఎంత చౌక అని మాత్రమే చూస్తే చాలదు. అది పాడైననాడు మనిషికి ఏమవుతుందో ముందే చూసుకొని, దాన్ని బట్టి ఏది ఎక్కడ వేయాలో నిర్ణయించాలి. రెండూ మంచివి కొనలేని వాళ్లే నా దగ్గరికి ఎక్కువగా వచ్చేవారు. ఆ తరువాత వాళ్లందరికీ ఈ పద్ధతే పాటించాను. ఇంకొకటి కూడా నేర్చుకున్నాను. బండి నడిపే వాళ్లతోపాటు వెనుక కూర్చునే వాళ్లను కూడా అడగాలి.

మరునాడు గురువారం పొద్దున వెదురు లారీ ఘాటు దిగి వచ్చింది. డ్రైవరు నా దుకాణం ముందు ఆపి, వెదురు మోపుల మీది నుంచి ఒక టైరు కిందికి వేశాడు. అది వెనుక చక్రానిది. మేకు దిగి, అతుకు పక్కనే కొత్తగా చీలింది. దానికి మళ్లీ అతుకు వేసి పంపమని కంపౌండరు చెప్పాడట. చివరి మలుపుకు ముందు గాలి పోయిందని, బండి ఊగుతూ దానంతట అది నిలబడిందని, రూతమ్మ దిగి పెట్టె నెత్తిన పెట్టుకొని నడిచిందని, ఆయన ఇంజను మెల్లగా పెట్టుకొని ఆమె పక్కనే పైకి వచ్చాడని డ్రైవరు చెప్పాడు. అప్పటికి ఇంకా చీకటి పడలేదట.

వీరాచారి బయటికి వచ్చి ముందు చక్రం సంగతి అడిగాడు.

"అదెట్లున్నదో అట్లనే ఉన్నది" అన్నాడు డ్రైవరు. చూలాలికి తెల్లారేసరికి కాన్పు అయిందని, బిడ్డను తిప్పి తీశారని, తల్లీ బిడ్డా ఇద్దరూ క్షేమంగా ఉన్నారని కూడా చెప్పాడు. లారీ ఎక్కబోతూ ఏదో గుర్తొచ్చి ఆగాడు.

"మేస్త్రీ, సిస్టరమ్మ నీకొక మాట జెప్పుమన్నది. వడ్ల బస్తా మంచిగ జేరిందట. ఏం బస్తా? నా లారీల అసొంటిదేం రాలేదే."

వీరాచారి పగలబడి నవ్వుతూ తన కొట్టంలోకి పోయాడు. నేను చీలిన టైరును లోపలికి తీసుకుపోయి, మోట తోలు నానబెట్టాను.