తని మొదలైంది, కాఫీకి పదండి

తాడేపల్లిగూడెంలో నా పరువు ఎలా పోయిందో చెబుతాను. ఊరికే పోలేదండోయ్, మృదంగ సహకారంతో పోయింది.

ఏలూరులో గాత్రం నేర్చుకునే రోజులవి. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. మా గాత్రంవాళ్ళకి కచేరీల్లో ఒక నియమం ఉండేది: పాట వినాలి, మృదంగం ఒక్కటే మోగే తని ఆవర్తనం రాగానే కాఫీకి లేవాలి. ముందు నేను, నా వెనక కొల్లేటి బాతుల్లా మావాళ్ళంతా.

మృదంగం నేర్చుకునే కరీం మాత్రం కుర్చీకి అతుక్కుపోయి, "ఒక్కసారి వింటే నీ సొమ్మేం పోయిందిరా?" అనేవాడు.

"కాఫీ చల్లారిపోదూ!"

అలాంటి నన్ను మా గురువు పార్వతిగారు గూడెం కచేరీలో వంత పాడటానికి తన వెనక కూర్చోబెట్టారు. "ఇది సవ్యంగా జరిగితే వచ్చే నెల ఏలూరులో అరగంట నీ చేతే పాడిస్తాను" అన్నారు. మండవల్లి నుంచి అమ్మ చుట్టాలందరినీ వెంటేసుకొచ్చింది.

పాట బాగానే సాగింది. తని మొదలైంది. అలవాటుకొద్దీ లేవబోతుంటే పార్వతిగారు ఆపారు.

"ఎక్కడికి? గొంతు పట్టేసింది, కాసిని వేడినీళ్ళు తాగుతాను. తాళం నువ్వు వెయ్యి నాయనా."

"నేనాండీ?"

"ఆదితాళమేగా! మొదటి పాఠం నుంచీ వేస్తున్నావు."

వేస్తున్నాను, పాటకి! ఇక్కడ పట్టుకు వేళ్ళాడ్డానికి మాటలేవీ? మృదంగం మాస్టారు విజృంభించారు. కాసేపటికి నా చెయ్యి ఒక దారి, ఆయన ఒక దారి. ఆడలేక మద్దెల ఓడన్నావిడ నయం, కనీసం మద్దెల విన్నది. నేను అదీ లేదు.

మా గాత్రంవాళ్ళెవరైనా తాళం వేస్తుంటే చూసి కలుపుకుందామని ముందువరస వైపు ఆశగా చూశాను. వాళ్ళ కుర్చీలన్నీ ఖాళీ! కరీం ఒక్కడే ఉన్నాడు, తన్మయత్వంతో కళ్ళు మూసుకుని.

మాస్టారు ముక్తాయింపు ముగించి నా చేతి వైపు చూశారు. అదింకా గాలిలోనే ఉంది. సభంతా గొల్లుమంది. అమ్మ మాత్రం చప్పట్లు కొట్టింది.

కచేరీ అయ్యాక ఆయన కాళ్ళ మీద పడ్డాను. "క్షమించండి మాస్టారూ."

"అయ్యయ్యో, తప్పు నాదేనండీ! మీ తాళానికి నా మృదంగం అడ్డొచ్చింది."

సిగ్గుతో చచ్చిపోయాను. నాలుగు తిట్టినా బాగుండేది. ఏలూరులో ఆ అరగంటా నాకంటే చిన్న పిల్ల పాడింది.

అందుచేత సరస్వతీదేవి సాక్షిగా నా ప్రతిజ్ఞ: హాలుకి నిప్పంటుకున్నా సరే, తని జరుగుతుండగా కుర్చీ వదలను. ఫైరింజనువాళ్ళు కూడా ముక్తాయింపు అయ్యాకే నీళ్ళు కొట్టాలి.