పిడుగురాళ్లలో ఆగిన మైకు

మాచర్లలో ఒకప్పుడు మా పక్కింట్లో ఉండిన మైకు బాబాయి పోయాడని అక్కడి నుంచి బస్సులో వచ్చిన మనిషి చెప్పాడు. అప్పటికే అంత్యక్రియలు అయిపోయాయి. పేపర్లో చావు కబుర్లు రాసి రాసి చేయి అలవాటు పడింది గానీ, ఇది వార్తగా రాయలేను. ఆయన మీద ఒకసారి వార్త రాశాను. అది తప్పు.

ఆయన మైకుసెట్టు ఒక సినిమా హాలువాళ్లు తీసేసిన పాతది. అందులో ప్రీ ఆంప్లిఫయర్ అనే చిన్న పెట్టె ఉండేది. మైకులోంచి వచ్చే సన్నని శబ్దాన్ని ముందుగా అందుకుని పెంచేది అదే. దాని లోపల మూత పగిలిన రిలే. మీట నొక్కితే టక్కుమని రేకు కదిలి, రికార్డు పాట ఆగి మైకు కలిసేది. ఏ పార్టీ మీటింగుకైనా ఆ సెట్టే. "మైక్కి పార్టీ లేదబ్బాయ్," అనేవాడు.

ఒక ఎన్నికలప్పుడు పిడుగురాళ్లలో సున్నపు బట్టీల పక్కన మీటింగు. దండలు వేసినంతసేపూ పాట మోగింది. అభ్యర్థి లేచాడు. బాబాయి మీట నొక్కాడు. గొంతు రాలేదు. వైర్లన్నీ పీకి పెట్టినా రాలేదు. జనం లేచి వెళ్లిపోయాక దానంతటదే పలికింది.

"నిన్న అవతలోళ్లకి బాగానే మోగిందిగా! మన కాడికొచ్చేసరికి నోరు పడిపోయిందేంరా?" అని కార్యకర్తలు మీదికొచ్చారు. నేనక్కడే ఉన్నాను. మైకు కావాలనే ఆపేశారని పేపర్లో రాశాను. ఆయన్ని ఒక్క మాట అడగలేదు.

ఆ పార్టీవాళ్లు పిలవడం మానేశారు. అవతలివాళ్లు బజార్లో భుజం తట్టారు. ఆదివారం బాబాయి మా ఇంటికొచ్చాడు.

"వాళ్లు తిడితే పడతా. వీళ్లు మనోడివంటన్నారు, అదే పడలేకపోతన్నా. వచ్చి కూర్చో. ఎందుకాగిందో ఇద్దరం చూద్దాం."

పెట్టెలోని గాజు వాల్వులు మార్చాడు, మైకు మార్చాడు. ప్రతిసారీ పలికింది. ఇక వరసగా మీట నొక్కడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి ఒకసారి టక్కుమంది, గొంతు మాత్రం రాలేదు. ఎండుపుల్లతో రేకును అదిమితే పలికింది. భూతద్దం పెట్టి చూపించాడు. రేకు ఆనే చోట తెల్లటి పొర. బట్టీల సున్నం.

గరుకు కాగితం అందించాను.

"రుద్దమాక. వాళ్లు కూడా చూడాల."

మర్నాడు సెట్టంతా బస్సు టాపు మీద వేసి, ఆ పెట్టె మాత్రం ఒళ్లో పెట్టుకుని అభ్యర్థి ఇంటికి బయల్దేరాడు. నేనూ వెళ్లాను. అరుగు మీద పదిమంది ముందు మీట నొక్కాడు. పలికింది. ఎన్నిసార్లు నొక్కినా పలికింది.

"శుభ్రంగా మోగతంటే ఏందయ్యా నీ గోల?" అని నవ్వారు. సున్నం చూపిస్తే, "నువ్వే పూసుంటావ్," అన్నాడొకడు.

నేను చూసింది చెప్పాను. అభ్యర్థి నా వైపు తిరిగాడు. "పేపర్లో ఒకటి రాసి, ఈడ ఇంకోటి చెప్తావేంది?"

సవరణ లోపలి పేజీలో నాలుగు లైన్లు వేశారు. చదివామన్నవాళ్లు నాకు కనబడలేదు. బాబాయి స్పిరిట్లో తడిపిన కాగితం ముక్క రిలేలో దూర్చి లాగాడు. మళ్లీ అది మొరాయించలేదు. వేరే సెట్టు దొరక్క, ఆ పార్టీవాళ్లు కూడా కొన్నాళ్లకు పిలిచారు.

అప్పటినుంచి పెట్టెను వేదిక వెనక పెట్టడం మానేసి, జనానికి ఎదురుగా పెట్టేవాడు. గొంతు పలకగానే మీట వదిలి, రెండు చేతులూ మోకాళ్ల మీదికి తెచ్చుకుని కదలకుండా కూర్చునేవాడు. పెళ్లిళ్లలోనూ అంతే.

చివరిసారి ఆయన్ని చూసింది చర్చిలో. ప్రార్థన సాగుతోంది. అందరూ కళ్లు మూసుకుని చేతులు జోడించారు. బాబాయి కళ్లు మూసుకున్నాడు. చేతులు మాత్రం మోకాళ్ల మీదే ఉన్నాయి, అరచేతులు పైకి, అందరికీ కనబడేలా.